విరిచినవాడే మోయాలి

గుడియాత్తం,
2-4-2025

ఒరే ప్రభా,

అక్క దీవెనలు. దీవెనలు ఇంతటితో సరి, ఇకమీద అన్నీ తిట్లే. ఓపికుంటే చదువు.

నీ దవడ విరిగి ఐదు రోజులైందట. ఆ సంగతి నాకు నా మరిది బాలాజీ వచ్చి చెప్పాలా? వాడు వేలూరు బస్సులో టిక్కెట్లు కొడుతుంటే ఎవరో మాట్లాడుకున్నారట. పని జరుగుతున్న చోటికే పరిగెత్తుకొచ్చాడు. "వొదినా, మన ప్రభా పండ్లన్నీ కంబీతో కట్టేసినారంట. నెలన్నర దాకా నోరు తెరిచేదానికి లేదంట. గంజి కూడా గొట్టంతోనే అంట" అన్నాడు. నేనప్పుడు సిమెంటు తట్టతో నిచ్చెన మీద ఉన్నాను. తట్ట జారి కింద ఉన్న మేస్త్రీ భుజం మీద పడింది. ఆ మేస్త్రీ మీ బావే కాబట్టి గొడవ కాలేదు.

ఫోను చేస్తే స్విచ్ఛాఫ్. సరే, నోరు లేదు, ఫోను లేదు. చెయ్యి ఉంది కదా? అందుకే ఈ ఉత్తరం. మనిద్దరం ఐదో తరగతి దాకా తెలుగు బళ్ళో చదివింది ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది. మీ బావకు తెలుగు మాటలే గాని అక్షరాలు రావు, కాబట్టి మనమేం రాసుకున్నా ఇంట్లో రహస్యమే. జవాబు బాలాజీ చేతికే ఇవ్వు.

ఇప్పుడు చెప్పు, ఎవడు కొట్టాడు?

నువ్వు చెప్పకపోయినా ఊహించగలను. పోయిన నెల చెన్నైలో మీ క్లబ్బు ఫుట్‌బాల్ ఆటలో నువ్వు ఎదుటి జట్టులో ఉన్న లత్తేరి ధనుష్ కాలికి తగిలావు. వాడి కాలు విరిగింది. ఆ వీడియో బాలాజీ ఫోనులో పదిసార్లు చూశాను. నువ్వు బంతికే పోయావు, అది ఎవరికైనా తెలుస్తుంది. కానీ ఒకటి నాకు నచ్చలేదు. వాడు కిందపడి గిలగిల కొట్టుకుంటుంటే నువ్వు వెనక్కి తిరిగి చూడకుండా నీ చోటికి నడిచిపోయావు. నాన్న ఉండుంటే నీ చెంప పగిలేది.

నాన్న పెట్టిన నియమం ఏటి ఇసకలో ఇంకా నడుస్తూనే ఉంది. మొన్న ఆదివారం పళ్ళికొండ వాళ్ళతో ఆట. గోలు కాసే మన గోలీ గాల్లోకి ఎగిరి బంతిని గుద్దబోయి పళ్ళికొండ కుర్రాడి మెడ కింది కాలర్ ఎముక గుద్దాడు. టప్‌మని చప్పుడు. ఎముక చర్మం కిందనుంచి పొడుచుకొచ్చింది. ఆట ఆగిపోయింది. మన గోలీ వాణ్ణి వీపున వేసుకుని, వాడు చెవిలో బూతులు తిడుతుంటే వింటూ, ఇసకంతా దాటి రోడ్డెక్కాడు. పుత్తూరు దాకా తీసుకుపోయి కట్టు కట్టించాడు. ఆ పిల్లోడు స్లాబులకు ఇనప కంబీ కట్టే పనివాడు. కట్టు విప్పేదాకా వాడి పని మనవాడే చేస్తున్నాడు, కూలి వాడి ఇంటికి పోతుంది. కావాలని కొట్టాడా, తెలియక తగిలిందా అన్న లెక్క లేదు. విరిచినవాడే మోయాలి. కూలి చేసేవాడి చెయ్యి విరిగితే వాడి ఇంట్లో పొయ్యి ఆరిపోతుందని నాన్నకు తెలుసు.

నాకు ఈ ఆటంటే ప్రాణంరా. పొద్దున్నుంచీ తట్టలు మోసి మెడ పట్టేసినా సాయంత్రం ఇసకలో బంతి కనబడితే ఏడు ఊళ్ళకు వినబడేలా అరుస్తాను. వట్టి కాళ్ళు, సర్వి కట్టెలతో పాతిన గోలు, పాత చీర చింపి కట్టిన జెండాలు. గంగమ్మ సిరసు పండగకు ముందు మన పందెం ఉంది. పదమూడో తేదీ లత్తేరి వాళ్ళతో మన ఏడుగురి జట్టు గంగమ్మ సెవెన్స్ ఆడుతుంది. నువ్వు వచ్చి గీత పక్కన కుర్చీ వేసుకుని కూర్చో, చాలు. మాట్లాడనక్కరలేదు, మాటలకు నేనున్నాను.

కొట్టినవాడి పేరు మాత్రం రాయి.

నీ మీద మండిపడుతున్న
అక్క సురేఖ


వేలూరు,
5-4-2025

అక్కకు,

నీ తిట్లు చేరాయి. బావ భుజం ఎలా ఉంది?

నా ఫోను స్విచ్ఛాఫ్ కాదు, పాలారు వంతెన మీదనుంచి విసిరేశాను. నువ్వు పదిసార్లు చూశానన్న ఆ వీడియోకు ఎవరో డప్పులు జోడించారు. ధనుష్ కాలు వంకర తిరిగే చోట డప్పు పడుతుంది. మళ్ళీ వెనక్కి, మళ్ళీ డప్పు. నాకు 'రోలర్' అని పేరు పెట్టారు. తెలియనివాళ్ళు పొద్దున లేస్తూనే "అన్నా, సూపర్" అని పంపేవాళ్ళు. తిట్టినవాళ్ళను భరించాను గానీ పొగిడినవాళ్ళను భరించలేకపోయాను.

అక్కా, నాకు బంతి పేరెత్తకు. నువ్వు చూసే ఆట వేరు, నేను చేసిన ఉద్యోగం వేరు. మంగళవారం మంగళవారం మాకు మీటింగు ఉంటుంది. తెల్ల బోర్డు మీద ఎదుటి జట్టువాళ్ళ పేర్లు మూడు రాస్తారు. పక్కన మా పేర్లు. మేనేజరు గొంతు పెంచడు. "ఇతను ఇరవై నిమిషాల తర్వాత గ్రౌండులో ఉండకూడదు" అంటాడు, అంతే. కాలు విరగ్గొట్టమని ఎవరూ ఎన్నడూ అనలేదు. నా పక్కన ఆడేవాడికి మోకాలు నీరుపట్టి బానలా ఉబ్బితే సూది వేసి పంపారు. ఆట మధ్యలో వాడికి నొప్పి తెలియలేదు, సాయంత్రం బస్సులో సీటు కొరికాడు. సీటు లోపలి స్పాంజితో పాటు వాడి పన్ను ఒకటి ఊడి వచ్చింది.

ధనుష్‌ను ఎందుకు మోయలేదన్నట్టు రాశావు. అక్కడ మోయడానికి నలుగురు జీతగాళ్ళు ఉంటారు, స్ట్రెచరు పట్టుకుని గీత అవతల సిద్ధంగా. మేము ముట్టుకుంటే టైము పాడుచేశామని తిడతారు. మొదటి ఏడాది ఒకడికి చెయ్యి అందించి లేపితే జరిమానా వేశారు. రెండో ఏడాదికి నా చెయ్యి దానంతట అదే ఆగిపోయింది.

నా దవడ సంగతి వదిలెయ్యి. కొట్టిన మనిషికి కొట్టే హక్కుంది. అంతకంటే రాయను.

ఆటకు రాను. గంజిలో ఉప్పు ఎక్కువేస్తున్నారు, అదొక్కటే బాధ అనుకో.

నీ
ప్రభా


గుడియాత్తం,
14-4-2025

ఒరే ప్రభా,

తమిళ సంవత్సరాది పండగ పూట రాస్తున్నాను. వేపపువ్వు పచ్చడి చేశాను, నీకు గొట్టంతో పంపలేను కాబట్టి నీ వాటా కూడా నేనే తిన్నాను. నా మనసు ఇవాళ చల్లగా ఉంది. నీ దవడకు బదులు చెప్పాను.

నువ్వు పేరు రాయకపోతే నాకు తెలియదనుకున్నావా? చిన్నప్పుడు కూడా అంతే, బడిలో తన్నులు తిని వచ్చి "పడ్డాను" అనేవాడివి. నేను పోయి కొట్టి వచ్చేదాన్ని.

నిన్న లత్తేరి వాళ్ళు వచ్చారు. ధనుష్ తమ్ముడు మణికందన్ వాళ్ళకు కెప్టెన్. ఇటుకల బట్టీలో పనిచేసే కుర్రాడు, ఇరవై ఏళ్ళుంటాయి. ఆట మొదలవకముందే నేను మధ్య గీత మీదికి పోయి నిలబడ్డాను. "మా తమ్ముడి దవడ ఇరిచినోడు మీలో ఎవుడో ముందుకు రాండప్పా. కోపం ఎవురికైనా వస్తాది, నేను తప్పనలేదు. కానీ ఇరిచినోడే మోయాల. వేలూరికి పోయి మావాడికి కట్టు ఇప్పేదాకా గంజి కాంచి పొయ్యండి. ఆ మాట ఇస్తేనే ఆట" అన్నాను.

మణికందన్ నవ్వాడు. "ఎవురు కొట్టిందో నీ తమ్ముణ్ణే అడుగు పోక్కా. నోరుంటే చెప్తాడు" అన్నాడు. నీ నోరు కట్టేసి ఉందని తెలిసి అన్న మాట అది. నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. మీ బావ నా మోచెయ్యి పట్టుకుని గీత అవతలికి లాక్కుపోయాడు.

ఆట కాదది, కసాయి పని. మొదటి పది నిమిషాల్లోనే మనవాడి ముక్కు చితికింది, వాడు ముక్కులో గుడ్డ కుక్కుకుని ఆడాడు. వాళ్ళవాడికి చెవి చిరిగింది. ఇసక మీద రక్తం చుక్కలు పడితే కాళ్ళతో కప్పుకుంటూ పోయారు. అలాంటి ఆటలో కూడా ఆ మణికందన్ ముగ్గుర్ని దాటి గోలు కొట్టాడు, ఆ మాట దాచను, చూడముచ్చటైన గోలు. కొట్టినవాడు ఊరుకోవచ్చు కదా? నా ముందుకొచ్చి నన్నే చూస్తూ తన దవడ తడుముకున్నాడు.

గోలుకు పాతిన సర్వి కట్టె ఎలా పీకానో నాకే తెలియదు. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది పక్కటెముకల మీద. మూడోది కూడా అక్కడే, చూసుకుని వేశాను. లోపల పచ్చికట్టె విరిగిన చప్పుడైంది. వాడు మోకాళ్ళ మీద కూలబడి నోటినుంచి ఎర్రగా కక్కాడు. ఆ తర్వాత రెండు ఊళ్ళూ కలిసిపోయి రాళ్ళు, కట్టెలు, చెప్పులు. బాలాజీకి తల మీద నాలుగు కుట్లు.

నియమం ప్రకారం నేను మోయాల్సినవాణ్ణి నా బదులు మన గోలీ మోయబోయాడు. నేను వాడి చొక్కా పట్టి వెనక్కి లాగాను. "ముట్టొద్దు. వాళ్ళ కుక్కను వాళ్ళే మోసుకోనీ" అన్నాను. అవును, అన్నాను.

ఇక నువ్వు హాయిగా గంజి తాగు. నీ తరఫున అడిగేవాళ్ళు ఉన్నారని లోకానికి తెలిసింది.

నీ
అక్క


వేలూరు,
16-4-2025

అక్కా,

ఏం చేశావు? ఏం చేశావు నువ్వు?

నన్ను మణికందన్ కొట్టలేదు. ధనుష్ కొట్టలేదు, వాడు మంచం మీదనుంచి లేవలేడు. నన్ను కొట్టింది వాళ్ళమ్మ పొన్నమ్మ.

వేలూరు ఆసుపత్రికి పోయి ధనుష్‌ను పలకరించి రమ్మని క్లబ్బు పంపింది నన్ను. ఒంటరిగా కాదు, పూలగుత్తితో, ఫోటోలు తీసేవాడితో. మంచం పక్కన నిలబడి ఎలా వంగాలో ఆ ఫోటోవాడు నాకు నేర్పిస్తున్నాడు. "కొంచెం దగ్గరగా సార్, చెయ్యి భుజం మీద వెయ్యండి" అంటున్నాడు. పొన్నమ్మ అప్పుడే సాంబారన్నం క్యారియరుతో లోపలికి వచ్చింది. ఆమె నన్ను చూసింది, పూలను చూసింది, ఫోటోవాణ్ణి చూసింది. నాలుగు గిన్నెల స్టీలు క్యారియరు, నిండుగా ఉంది. ముప్పై ఏళ్ళు ఇటుకలు మోసిన చెయ్యి. ఒకే దెబ్బ. నేను నేల మీద పడ్డప్పుడు నోట్లో సాంబారు, రక్తం, పన్ను ముక్కలు అన్నీ కలిసి ఉన్నాయి. ధనుష్ "వద్దమ్మా, వద్దు" అని ఏడ్చాడు.

ఆమె పేరు నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే కేసు పెడతారు. మణికందన్ కూడా అందుకే చెప్పలేదు, తల్లిని కాపాడుకున్నాడు. నీకు ఎగతాళిగా వినిపించింది అదే.

నువ్వు ఇన్నాళ్ళూ ఇసకాట వేరు అన్నావు. నమ్మాను. ఆ బోర్డున్న గదిలో కూర్చుని మన ఇసకను తలచుకునే బతికాను. పదమూడో తేదీ ఆ ఇసకలో జరిగింది మా బోర్డు మీద రాసే పనే. మాకు మేనేజరు రాసిస్తాడు, నీకు నువ్వే రాసుకున్నావు. పైగా మోయనివ్వలేదు. మేము స్ట్రెచరునైనా రానిస్తాం.

ఆ పిల్లవాడు ఎలా ఉన్నాడో కనుక్కుని రాయి.

ప్రభా


గుడియాత్తం,
18-4-2025

ప్రభాకరన్‌కు,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. ఆయన కంచం ముందునుంచి లేచిపోయాడు. నాతో రెండు రోజులుగా మాటల్లేవు.

మణికందన్‌కు మూడు ఎముకలు విరిగాయి. ఒకటి ఊపిరితిత్తికి గుచ్చుకుందట, గొట్టం వేసి రక్తం తీశారు. ప్రాణానికి భయం లేదన్నారు. పోలీసులు రాసివ్వమంటే పొన్నమ్మ రాసివ్వలేదట. "సురేఖనే రానీ, దానికి దారి తెలుసు" అందట. నిజమే, తెలుసు. నాకు పెళ్ళికాక ముందు ఆమె, నేను నాన్న దగ్గర ఒకే గుంపులో తట్టలు మోశాం. నియమం పెట్టిననాడు ఆమె కూడా అక్కడే ఉంది.

రేపు మొదటి బండికి లత్తేరి పోతున్నాను.

ఒక మాట అడుగుతాను. నువ్వు బంతికే పోయావని నేను ఊరందరికీ చెప్పాను, ఆ మాట మీదే ఇంత చేశాను. నీ ఉత్తరాలు రెండూ మళ్ళీ మళ్ళీ చదివాను. నువ్వు అవుననలేదు, కాదనలేదు.

సురేఖ


వేలూరు,
22-4-2025

అక్కకు,

నీ ఉత్తరం ఇవాళే చేరింది, ఇంకా పోకపోయి ఉంటే లత్తేరికి పోవద్దు. నిన్ను చంపేస్తారు. మాట విను.

ఇక్కడికి క్లబ్బు మనిషి వచ్చాడు. 'రోలర్' వచ్చాడంటే జనం ఎక్కువ వస్తున్నారట, ఇంకో మూడేళ్ళకు కాగితం తెచ్చాడు. దానితో పాటు ఇంకో కాగితం. ధనుష్ క్లబ్బు వాళ్ళు ఫిర్యాదు ఇచ్చారు కాబట్టి, ఆ దెబ్బ ఆటలో అనుకోకుండా తగిలిందని నేను రాసివ్వాలి. రెండిటి మీదా వచ్చే నెల ఐదో తేదీ లోపల సంతకం పెట్టాలి. ఒకటి పెట్టకపోతే రెండోది లేదు.

నువ్వడిగినదానికి ఏం చెప్పను? రెఫరీ పసుపు కార్డే ఇచ్చాడు. వీడియోలో ఉన్నదే ఉంది.

నాకు బంతి తప్ప వేరే పని రాదక్కా. నాన్న నాకు తాపీ నేర్పలేదు, నువ్వే నేర్పనివ్వలేదు. "వాడు ఆడనీ" అన్నావు.

ప్రభా


లత్తేరి,
30-4-2025

నాయనా ప్రభా,

చంపలేదు. మొదటి రోజు మాత్రం చంపుతారనే అనుకున్నాను.

బట్టీ దగ్గరికి పోయేసరికి ఇరవై మంది ఉన్నారు. ఒకామె ఇటుక ముక్క విసిరితే నుదురు చిట్లింది. ఇంకొకామె జుట్టు పట్టి ఈడ్చింది. నేను చెయ్యెత్తలేదు. నీకు తెలుసు కదా, నాకది ఎంత కష్టమో. పొన్నమ్మ వచ్చి వాళ్ళను తప్పించింది. నన్ను లేపలేదు.

"ఎందుకొచ్చినావు?" అంది.

"ఇరిచింది నేను. మోసేదానికి వచ్చినాను."

"చూసి కొట్టినావా? చెయ్యి జారి తగిలిందా?"

చెయ్యి జారిందని చెప్పి ఉంటే నాకు ఆ రోజు అన్నం దొరికేది అనుకుంటాను. నోటిదాకా వచ్చింది. "చూసే కొట్టినా పొన్నక్కా. రెండోది, మూడోది చూసుకునే ఏసినా" అన్నాను.

ఆమె కొట్టింది. ఎడమ చెవి ఇప్పటికీ సరిగా వినబడటం లేదు. తర్వాత తన నెత్తి మీది చుట్టకుదురు తీసి నా ముందు పడేసింది. మణికందన్ లారీకి ఇటుకలు ఎక్కించే పని చేసేవాడు, ఆ పని నాకు చూపించింది. అప్పటినుంచి ఇవాళ్టికి పదకొండు రోజులు. అరచేతుల తోలు ఊడిపోయింది, కొత్త తోలు వస్తోంది. రాత్రిళ్ళు వాళ్ళ వసారాలోనే పడుకుంటున్నాను. మణికందన్ ఆసుపత్రినుంచి వచ్చాడు. దగ్గితే వాడి ముఖం చూడలేను. మొన్న వాడికి గ్లాసు అందిస్తే తీసుకున్నాడు గానీ నా వైపు చూడలేదు. చూడాల్సిన పని కూడా లేదు.

నువ్వు రాసింది నిజం. నేను నీ మేనేజరు కంటే తక్కువదాన్ని కాను. ఒక్కటే చెబుతాను, నాకు ఇక్కడ ఒక తట్ట ఉంది. నీకు వాళ్ళు అది కూడా లేకుండా చేశారు. ఇసకలో దయగలవాళ్ళు ఆడతారని నేనెప్పుడూ అనుకోలేదురా. కొట్టినవాడు మర్నాడు ఆ ఇంటి ముందు నిలబడి ముఖం చూపించాలి, అంతే మన ఆటలో ఉన్న గొప్ప. అందుకే నాకది ప్రాణం, ఇప్పటికీ ప్రాణమే.

నిన్న ధనుష్ కర్రల మీద నా దగ్గరికి వచ్చాడు. కాలి లోపల ఇనప కడ్డీ వేశారు. మోకాలు సగమే వంగుతుంది. వాడు కర్రలు పక్కన పెట్టి ఇటుకల మీద కూర్చున్నాడు. తర్వాత అన్నాడు:

"నీ తమ్ముణ్ణి ఒకటే అడగాలక్కా. బంతిని చూసినాడా, నా కాలిని చూసినాడా? ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూసినానో లెక్క లేదు. ఒగసారి బంతికే అనిపిస్తాది, ఇంగొగసారి కాదనిపిస్తాది. నేనే తప్పుగా కాలు పెట్టినానేమో అని కూడా అనిపిస్తా ఉండాది. ఏదో ఒగటి తెలిస్తే నేను పండుకుంటా."

నువ్వు బంతికే పోయావని ఊరంతా చెప్పుకు తిరిగినదాన్ని, ఆ పిల్లవాడితో మాత్రం "వాణ్ణే అడిగి చెప్తా" అన్నాను.

సంతకం పెట్టు, పెట్టకపో, నీ ఇష్టం. తాపీ నేర్పనివ్వకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ వాడడిగినదానికి బదులు రాయి. ఏదైనా సరే, అబద్ధం మాత్రం నాకు పంపకు. దాన్ని వాడికి చదివి వినిపించే ధైర్యం నాకు లేదు.

నీ
అక్క


లత్తేరి,
4-5-2025

అక్కా,

పైన ఊరి పేరు చూసి కంగారుపడకు. స్టేషనులో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. దీన్ని బట్టీలో పనిచేసే ఒకామె చేతికిచ్చి నీకు పంపుతాను. ఇది నీకు రాసింది కాదు. ధనుష్‌కూ, వాళ్ళమ్మకూ తెలుగు చదవడం రాదు. నా పళ్ళ కంబీలు విప్పడానికి ఇంకా వారం ఉంది. అప్పటిదాకా ఆగితే నేను రాను, నన్ను నేనెరుగుదును. అందుకని వాళ్ళిద్దర్నీ, మణికందన్‌నూ కూర్చోబెట్టి నువ్వే గట్టిగా చదువు. 'నేను' అని ఉన్నచోట 'నేను' అనే చదువు. 'మా తమ్ముడు' అని మార్చకు.

ధనుష్,

నేను బంతిని చూడలేదు.

బంతి అప్పటికే నీ కాలు వదిలి ఎడమవైపు పోయింది. నాకు కనబడింది. ఆగడానికి నాకు రెండడుగుల చోటుంది. నీ మేజోడు మీద తెల్ల చార ఒకటి ఉంది, నేను దాన్ని చూశాను. ఆ చార మీదికే రెండు కాళ్ళతో దూకాను. నువ్వు కాలు తప్పుగా పెట్టలేదు. నువ్వు అందంగా ఆడుతున్నావు. బోర్డు మీద నీ పేరు మొదట రాసింది అందుకే.

చప్పుడు నీకంటే ముందు నాకు వినబడింది. నువ్వు అరిచేలోపు నాకు సంతోషమేసింది, పని అయిపోయిందని. దాన్ని కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. వెనక్కి చూడకుండా నడిచింది ఆ సంతోషం నా ముఖం మీద ఎవరికైనా కనబడుతుందేమోనని. ఆ సాయంత్రం మేనేజరు నా భుజం తట్టాడు.

పొన్నమ్మత్తా, నువ్వు సరైన మనిషినే కొట్టావు.

మణికందన్, నీకు తగిలిన దెబ్బలు నావి. ఒక్క ముక్క ముందే రాసి ఉంటే మా అక్క కట్టె పీకేది కాదు. దాచుకున్నాను.

అనుకోకుండా తగిలిందని రాసివ్వమన్న కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. చూసి కొట్టానని వేరే కాగితం మీద రాసి ఈ కవరులోనే పెట్టాను. దాన్ని మీ క్లబ్బుకు ఇస్తారో, పోలీసులకు ఇస్తారో మీ ఇష్టం.

మా నాన్న నియమం ప్రకారం విరిచినవాడు విరిగినవాడి పని చెయ్యాలి. మణికందన్ పనికి మా అక్క వచ్చింది. ధనుష్, నీ పనికి నేను రావాలి. దారంతా ఆలోచించాను. నీ పని ఆడటం. నీలాగా ఆడటం నా వల్ల కాదు, ఎప్పుడూ కాలేదు. నువ్వు చేసే పని నేను చెయ్యలేను, దాన్ని ఎవరూ నీ బదులు చెయ్యలేరు. ఈ సంగతి నాకు ఇవాళ రైల్లో తెలిసింది. కాబట్టి ఏం మొయ్యమంటే అది మోస్తాను. మోయవద్దు, కొట్టాలని ఉందంటే బయటికి రండి.

అక్క ఇది చదివేసరికి నేను బట్టీ ముందర నిలబడి ఉంటాను. చెయ్యి అడ్డం పెట్టను, పరిగెత్తను.

ప్రభాకరన్